దీపాలవేళ దులపని దుమ్ము

మా అన్న బండికి పవరు పెంచొద్దని నేను మా ఆయనతో మూడు పూటలా పోట్లాడాను. కారణం ఒక్కటే. సండూరు కొండల నుంచి బళ్ళారికి వచ్చే రోడ్డు మీద ఆ రోజుల్లో ఎవరో ఒకరు పోతూనే ఉండేవారు. ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడిచేవి. రోడ్డు మధ్య తెల్లగీత ఎక్కడుందో ఎర్రదుమ్ము కింద కనబడేది కాదు. ఆ రోడ్డు మీద మా అన్న రోజూ పోయి రావాలి. అసలే తొందర మనిషి, దానికి బండి జోరు కూడా తోడైతే ఒక రోజు ఇంటికి రాడని నా భయం. అంతకుమించి ఇంజన్ల మీద నాకు పగేమీ లేదు. మాకు అన్నం పెట్టినవి అవే.

మా ఆయన షెడ్డు కౌల్ బజారు ఇరుకు సందులన్నీ దాటాక, గోడౌన్ల వెనక ఉండేది. పాత టర్బో ఇంజన్లను విప్పి, వాటికి కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ బలం తెప్పించి మళ్ళీ బిగించడం ఆయన పని. గనులు జోరందుకున్నాక మా వైపు ప్రతి రైతూ రాత్రికి రాత్రి కాంట్రాక్టరు అయ్యాడు. కొత్త పెద్దకారు కొనగలిగినవాళ్ళు కొన్నారు. అంత దూరం పోలేనివాళ్ళు పాత బండిని తోలుకుని మా షెడ్డుకు వచ్చేవాళ్ళు. నేను పగలు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, సాయంత్రం షెడ్డు ముందు కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళతో మాట్లాడేదాన్ని. మా ఆయన మాటను మహా పొదుపుగా వాడతాడు. ఆ పొదుపంతా నేను ఖర్చు చేసేదాన్ని.

టర్బో అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇంజను వదిలే వేడిపొగ ఊరికే పోకుండా ఒక చిన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని ఇంజనులోకి కుక్కుతుంది. గాలి ఎక్కువ పోతే డీజిలు ఎక్కువ మండించవచ్చు, డీజిలు ఎక్కువ మండితే బలం వస్తుంది. పాత ఇంజన్లలో కంపెనీవాళ్ళు ఈ గాలి ఒత్తిడిని చాలా భయంభయంగా పెట్టేవాళ్ళు. మా ఆయన సిలిండర్లను కొంచెం వెడల్పుగా కోయించి, గట్టి పిస్టన్లు వేసి, ఒత్తిడి పెంచి, డీజిలు పంపు మరను అరచుట్టు తిప్పి, లారీకి వాడే గాలి చల్లబరిచే జల్లెడను ముందువైపు ఇరికించేవాడు. ఇలా చెప్తే గంట పనిలా ఉంటుంది. ఒక్కో ఇంజనుతో నెల కాపురం చేసేవాడు.

అన్న తన బండిని షెడ్డుకు తేవడానికి ముందు సంవత్సరం, మా ఆయన చేతిలోనే బలం పుంజుకున్న ఒక బండి ఆ రోడ్డు మీద లారీ కిందికి పోయింది. తోలిన మనిషి మిగల్లేదు. ఇంజను తప్పేమీ లేదని పోలీసులూ అన్నారు, మా ఆయనా అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ ఇంటి ఆడమనిషి మా షెడ్డు ముందు ఆటో దిగి, లోపలికి రాకుండా, విప్పేసిన ఇంజన్లను కాసేపు చూసి అదే ఆటోలో వెళ్ళిపోయింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను జవాబు చెప్పగలిగేదాన్నేమో.

మా పుట్టిల్లు సంగనకల్లు దగ్గర. జొన్న, పొద్దుతిరుగుడు పండే భూమి. నాన్న పోయాక అన్న కొన్నాళ్ళు సేద్యం చేసి, తర్వాత దోణిమలై వైపు ఒక గనికి లారీలు కుదిర్చిపెట్టే పని పట్టాడు. తెల్లారకముందే పోయేవాడు, పొద్దుగుంకాక వచ్చేవాడు. అతని దగ్గర పాత టర్బో డీజిలు బండి ఒకటి ఉండేది, ఏడుగురు కూర్చునేది. దాన్ని మా షెడ్డు ముందు ఆపి, దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

“బావా, దీనికి ఊపిరి పొయ్యల్ల నువ్వు. లారీని దాటాలంటే ఆవలిస్తాండాది ఇది.”

మా ఆయన నోరు విప్పేలోపల నేనందుకున్నాను. “ఆవలిస్తే ఎనకాలే పో. లారీవోడు నిన్ను రమ్మని పిలిస్తాండాడా?”

“నీకేం తెలుసమ్మా, ఎనకాల దుమ్ము తాగేది నేను. సగం దాటేలోపల ఎదురుంగా ఇంకోటి వస్తాది. బిరబిరా దాటితే బతుకుతా, నిక్కుతా నిక్కుతా దాటితే సస్తా. నువ్వే లెక్కేసి జెప్పు, ఫిజిక్సు మేడమ్మువి గదా.”

“లెక్క నాకు తెల్సు. బండికి బలమొస్తే నువ్వు దాటే లారీలు గూడా పెరుగుతాయి. ఈపొద్దు బుద్ధిగా ఆగే కాడ గూడా రేపు దూరతావు. యాడో ఒక కాడ తెగుతాది నీ లెక్క.”

“నోట్లోనుంచి మంచిమాట రాదేమే నీకి!”

“మంచిమాట కావల్లంటే గుడికి పో. ఈడికి ఇంజను కోసరం గదా వచ్చినావు.”

అన్న నవ్వాడు. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే అతని వాదనలో పస ఉంది. తక్కువ బలమున్న బండితో ఎదురు లారీ ముందు ఇరుక్కోవడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. నా వాదనలోనూ పస ఉంది. రెండు సరైన వాదనలు ఎదురెదురుగా వచ్చినప్పుడు రోడ్డు ఎవరిదో తేల్చేవాళ్ళు ఉండరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన తన మాట చెప్పాడు. “బండి ఎవురిదో వాళ్ళు అడిగింది నేను చేస్తా. ఇంకొకరు చెప్పినారని మానుకోను, ఇంకొకరు చెప్పినారని ఎక్కువా చెయ్యను. నా పనికి అదే కట్టుబాటు. నువ్వు కాలేజీలో పాఠం చెప్తావు. పిల్లోడు దాంతో ఏం జేస్తాడో నీకి తెలుసునా?”

“నా పాఠం లారీ కింద పడదు,” అన్నాను.

ఆయన ఇంకో రొట్టె తుంచుకున్నాడు. ఇంజను పని మొదలైంది.

బండి అప్పగించే రోజు మా ఆయన అన్నను పక్కకు పిలిచి, గాలి ఫిల్టరు డబ్బా మూత తీసి చూపించాడు. మడతలు మడతలుగా ఉండే కాగితపు ఫిల్టరు. బయటి గాలిలోని దుమ్మును అది ఆపుతుంది.

“బావా, ఒకే మాట. దినామూ సాయంత్రం దీన్ని బయటికి దీసి దులపల్ల. మన ఊరి దుమ్ము మన్ను గాదు, ఇనుము. టర్బో ఎంత గాలి పీల్చుకుంటాదో అంత దుమ్ము పీల్చుకుంటాది. అది లోపలికి పోతే ఆకురాయితో రాకినట్లే.”

“ఆయ్తు బిడు బావా, అయిపోయిందనుకో. అదొక పనా!” అన్నాడు అన్న.

అదొక పనే. మా పుట్టింటి సంగతి తెలిసినవాళ్ళకు అదెంత పెద్ద పనో అర్థమవుతుంది. దీపం పెట్టాక మా అమ్మ చీపురు ముట్టనివ్వదు. చెత్త గడప దాటకూడదు. దులపడం, విదిలించడం, ఊడ్చి పారేయడం ఏదైనా సరే, లక్ష్మిని వెళ్ళగొట్టినట్టే. మంగళవారం, శుక్రవారం పగలు కూడా బూజు దులపరు. గనుల పని వచ్చాక ఈ పట్టింపుకు కొత్త కొమ్మ మొలిచింది. అన్న బండి మీద పడే ఎర్రదుమ్మే లక్ష్మి అని అమ్మ తేల్చింది. “మన్ను ముట్టినా బంగారమయ్యే కాలమిది, దాన్ని విదిలించకండప్పా” అనేది. అన్న దీపాలవేళ దాటాకే ఇంటికి వస్తాడు. అప్పుడు దులపకూడదు. పొద్దున దులుపుదామంటే, పనికి బయల్దేరేముందు బండి విప్పడం అపశకునం. ఇక ఆ ఫిల్టరుకు ముహూర్తం ఎక్కడిది?

ఒకసారి అమ్మనే అడిగాను. “అమ్మా, మీ లక్ష్మి పోయి అన్న ఇంజనులో కూచుంటాండాది. గొంతు పట్టుకుంటే ఏం జేస్తారు?”

అమ్మ వక్క నమలడం ఆపలేదు. “నీ మొగుడు దినామూ దులుపుతానే ఉండాడు గదా. ఆ షెడ్డులోకి యా లక్ష్మి వచ్చిందో జెప్పు.”

మా అమ్మ నోరే నాకు వచ్చిందని అందరూ అంటారు. అంతా రాలేదు.

కొన్ని నెలలు గడిచాయి. సండూరులో వదిన తరఫు బంధువుల ఇంట్లో నిశ్చితార్థానికి అన్న, వదిన, నేను ఆ బండిలోనే వెళ్ళాము. భోజనాలయ్యాక, ఎండ ఇంకా తగ్గకముందే తిరుగుముఖం పట్టాము. నేను ముందు సీటులో, వదిన వెనక. బండి ఎత్తు ఎక్కుతుంటే టర్బో ఈల వినబడింది. మా షెడ్డులో విన్న ఈల ఇంత పెద్దది కాదు.

“ఏందన్నా, ఇది ఇట్ల అరుస్తాండాది?”

“బాగుండాది గదా! ఫిల్టరు తీసి పారేసినా. దుమ్ము నిండి దమ్ము కట్టిండె, బండి లాగకపాయె. తీసేసినాక చూడు ఎట్ల పోతాండాదో. ఈ ఈల యింటే లారీవోడు తానే పక్కకి జరుగుతాడు.”

నాకు ఒళ్ళు మండింది. “తీసి పారేసినావా? ఈ దుమ్ములోనా? బుద్ధి గూడా దాంతోనే పారేసినావా?”

“సుమ్నే కూచో, అరవాకు. మీ ఆయప్పకి చెప్పాకు. పాపం, బాధపడతాడు.”

“ఇద్దరూ రోడ్డు జూడండప్పా,” అంది వెనక నుంచి వదిన.

ముందు ఒక లారీ ఖనిజం కారుస్తూ పోతోంది. అన్న కుడివైపుకు తిప్పి దాటడం మొదలుపెట్టాడు. సగం దాటాక ఎదురుగా ఇంకో లారీ కనబడింది. అన్న వెనక్కి తగ్గుదామని కాలు తీశాడు. నేను ఆ కాలునే చూస్తున్నాను, తీశాడు. బండి తగ్గలేదు. తొక్కినదానికన్నా ఎక్కువగా దూకింది. అన్న భయపడి క్లచ్ తొక్కాడు. చక్రాల బరువు వదిలిపోయిన ఇంజను ఒక్కసారిగా గొంతు చించుకుంది. అలాంటి చప్పుడు అంతకుముందు నేను వినలేదు, షెడ్డులో కూడా. వెనక అద్దం నిండా తెల్లటి పొగ, దాంట్లో నీలిరంగు.

ఎదురు లారీ డ్రైవరు ఎవరో, ఏ ఊరివాడో, మాకు తెలియదు. ఆయన తన బండిని రోడ్డు దించి ముళ్ళపొదల్లోకి పోనిచ్చాడు. మేము బతికింది ఆ మనిషి వల్ల. అన్న బ్రేకులు తొక్కుకుంటూ, పక్క లారీ ముందుకు పోయాక, ఎడమ అంచుకు చేర్చి ఆపాడు. తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. తాళం చేతిలోకి వచ్చేసింది, ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది. అన్న ఆ తాళాన్ని చూస్తూ, క్లచ్ మీద కాలు అదిమిపెట్టి బిగుసుకుపోయాడు.

డీజిలు ఇంజను తన నూనెను తానే తాగడం మొదలుపెడితే తాళానికి లొంగదని మా ఆయన చెప్పగా విన్నాను. ఊపిరి ఆడకుండా చెయ్యాలి, లేదా బరువు మోపి చంపాలి.

“టాప్ గేరు వెయ్యి! బ్రేకు గట్టిగ తొక్కి క్లచ్ వదులు!” అని అరిచాను. అతనికి వినబడలేదు. భుజం పట్టి ఊపాను. “గేరు వెయ్యన్నా! వదులు క్లచ్చు!”

వేశాడు, వదిలాడు. బండి పూనకం వచ్చినట్టు ఒణికి, ముందుకు ఒక ఊపు ఊగి, ఆగింది. లారీలు పక్కనుంచి పోతూనే ఉన్నాయి, అయినా ఎక్కడా ఏ చప్పుడూ లేనట్టనిపించింది.

వదిన దిగింది. సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, “నేను బస్సులో పోతా” అంది. అన్నను బండి దగ్గరే వదిలి, నేనూ ఆమెతో బస్సెక్కాను. కిటికీలోంచి రోడ్డునే చూస్తూ కూచుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“టర్బో లేకుండా ఆ బండి నడుస్తాదా?”

“నడుస్తాది. అదే ఇంజను టర్బో లేకుండా గూడా వచ్చేది. నిదానంగా నడుస్తాది.”

“ఎంత నిదానం?”

“లారీని దాటలేనంత.”



బండిని కట్టి లాక్కొచ్చాక మా ఆయన ఇంజను విప్పాడు. టర్బో రెక్కల అంచులు ఎలుకలు కొరికిన అట్టలా ఉన్నాయి. ఇరుసును వేలితో కదిపితే అటూ ఇటూ ఊగింది. దుమ్ము దాన్ని అరగదీసింది. ఆ సందులోంచి నూనె కారి గాలిగొట్టంలోకి చేరింది, ఇంజను దాన్నే డీజిలులాగా తాగి రెచ్చిపోయింది. గొట్టంలో వేలు పెట్టి తీస్తే నూనెలో తడిపిన కుంకుమలాంటి ముద్ద వచ్చింది. మా ఆయన ఆ వేలిని అన్నకు చూపించాడు. తిట్టలేదు.

“దుమ్మే గదా బావా,” అన్నాడు అన్న. “ఈ ఊర్లో దుమ్ము లేని బండి యాడుండాది? ఈసారి ఇంగా పెద్ద టర్బో వేద్దాం. గట్టిది. ఒకటి చూసొచ్చినా.”

చావు అంచుదాకా పోయి వచ్చిన మనిషి పెద్ద టర్బో అడుగుతున్నాడు. అన్న పోయాక మా ఆయన మీద పడ్డాను. “వెయ్యనని జెప్పు. ఈ ఒక్కసారి నీ కట్టుబాటు గట్టున పెట్టు.”

“నేను కాకుంటే ఇంకొకడు వేస్తాడు. వాడు ఫిల్టరు సంగతి గూడా చెప్పడు.”

“వాడు వేస్తే వాని పాపం. నువ్వు వేస్తే నా అన్న.”

“బండి ఆయప్పది,” అన్నాడు మా ఆయన. గొంతులో బాధ ఉంది. మాట మాత్రం మారలేదు. ఆ ముందు సంవత్సరం ఆటో దిగి వచ్చిన ఆమె మా ఇద్దరికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఆమె మాట ఎత్తితే గెలుస్తానని కూడా తెలుసు. ఎత్తలేకపోయాను.

అన్న ఆ పెద్ద టర్బోను సంచిలో వేసుకుని షెడ్డుకు తెచ్చిన రోజు, దాన్ని బల్ల మీద పెట్టి మా ఆయనకు దాని గొప్పలు చెప్తుండగా వదిన వచ్చింది. ఆమె అంతకుముందు ఎప్పుడూ షెడ్డులోపలికి రాలేదు. నూనె మరకలు తప్పించుకుంటూ నడిచొచ్చి, బల్ల దగ్గర నిలబడింది.

“ఇది నా బండికి వద్దు. ఉండేది గూడా పీకేయండి,” అంది మా ఆయనతో.

‘నా బండి’ అన్నది నిజమే. బండి వదిన పేరు మీదే ఉంది. ఇల్లాలి పేరున ఉంటే లక్ష్మి నిలుస్తుందని మా అమ్మే అలా రాయించింది.

అన్న ముఖం మాడిపోయింది. “నువ్వు ఇంటికి పో. ఇది ఆడోళ్ళు మాట్లాడేది కాదు.”

“నీ చెల్లెలు దినామూ మాట్లాడతాండాది గదా,” అంది వదిన.

“దాని సంగతి వేరే.”

“నలుగురిలో నా పరువు తీస్తాండావని అంటావు, అను. ఆ దినం నీ మొగం నేను అద్దంలో జూసినా. తాళం చేతిలో పట్టుకోని దాన్నే జూస్తాంటివి. నీకి నేను యాదికి లేను, పిల్లోళ్ళు యాదికి లేరు. ఆ మొగం ఇంగొకసారి నేను చూడలేనప్పా.”

షెడ్డులో ఇద్దరు పనివాళ్ళు స్పానర్లు పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు. నేను అనాల్సింది ఒక్కటీ మిగల్చకుండా ఆమె అనేసింది.

మా ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “అక్కా, రేపు బావ వచ్చి మళ్ళా పెట్టమంటే?”

“నన్ను అడుగు.”

“సరే అక్కా.”

అన్న తన సంచిని బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు.

టర్బో తీసేసి, పొగగొట్టం మార్చి, డీజిలు పంపును వెనక్కి తిప్పి బండిని ఇచ్చాము. అది నడిచింది, నిదానంగా. అన్న లారీల వెనకాలే పోయి వచ్చేవాడు. కనుబొమ్మల దాకా ఎర్రగా అయ్యేవాడు. తోటి కాంట్రాక్టర్లు “ఏమప్పా, ఎద్దులు మార్చినావా?” అని ఎగతాళి చేసేవారట. ఆ మాటలు నాకు చేరవేసేవాళ్ళకు కొదవ లేదు. మా ఇంటి ముందు కాఫీకి ఆగే అన్న ఆగడం మానేశాడు. మా వైపు పంచమి పండగకు అన్నదమ్ములు వచ్చి ఆడబిడ్డను పుట్టింటికి పిలుచుకుపోవాలి. ఆ ఏడు అన్న రాలేదు. సాయంత్రం దాకా చూసి, నేనే బస్సెక్కి పోయాను. అతను లోపలి గదిలో ఉండి కూడా బయటికి రాలేదు. అమ్మ నాకు తంబిట్టు ఉండలు పెట్టి, ఆ గది తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

తర్వాత గనులు మూతబడ్డాయి. లారీలు వరసలుగా నిలబడి తుప్పు పట్టాయి. పెద్దకార్లు వచ్చిన ధరకు పోయాయి. అన్న మళ్ళీ జొన్న వేశాడు. నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు, ముక్తసరిగా. మా ఆయనతో ఇప్పటికీ లేదు. మా ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు కాబట్టి ఆయనకు లోటు లేదని జనం అనుకుంటారు. పండక్కి పుట్టింటికి బయల్దేరేటప్పుడు నన్ను బస్సు ఎక్కించి, తను వెనక్కి తిరిగే తీరు చూసినదాన్ని కనుక నేను అలా అనుకోను.

పోయిన ఏడు ఒక పెళ్ళిలో అన్న పదిమంది మధ్య కూర్చుని పాత కథ మొదలుపెట్టాడు. “మా చెల్లెలి మొగుడు పెద్ద మెకానిక్కంట. పులి మాదిరుండే నా బండిని ఎద్దులబండి జేసి ఇచ్చినాడు. అది ఉండింటే నా కత వేరే ఉండేది.” అందరూ నవ్వుతున్నారు. మా ఆయన రెండు వరసల అవతల విస్తరి ముందు తలవంచుకుని తింటున్నాడు. నాకు రక్తం పొంగింది. ఆ ఎర్రముద్ద సంగతి, తాళం సంగతి అంతా ఆ పదిమంది ముందు పరుద్దామని లేచాను.

వడ్డిస్తున్న వదిన చారు గిన్నె చేతిలో ఉండగానే నా మోచెయ్యి పట్టుకుంది.

“చెప్పుకోనీ లేమ్మా,” అంది. “మీ అన్న గొంతు ఇంగా వినబడ్తాండాది గదా.”